జాగిలుడి చెయ్యి

స్టూడియోవాళ్ళు అడిగింది సగం కుక్క, సగం మనిషి. తల కుక్కది, ఛాతీ మనిషిది, కాళ్ళు కుక్కవి, చేతులు మనిషివి. పేరు జాగిలుడు. ఫోన్లో ఆడుకునే ఆటలో ఒక కొండకోటకు కాపలావాడు. గద పట్టుకుని నిలబడాలి, అవసరమైతే నాలుగు కాళ్ళ మీద పరిగెత్తాలి. నాకంటే ముందు ఎవరో మనిషి మెడ మీద కుక్క తల అతికించి పంపారట.

"తొడుగు పెట్టుకున్న మనిషిలా ఉన్నాడు. నువ్వు ఎముకల నుంచి కట్టుకుంటూ రా లిడియా. వీడు ఇలాగే పుట్టాడని చూసేవాళ్ళు నమ్మాలి" అన్నారు శ్రీరమ్య గారు. హైదరాబాదులో ఆ స్టూడియోలో బొమ్మలు సరిచూసేది ఆమే.

నేను గుంటూరులో యానిమేషన్ డిగ్రీ చదివాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే. చదువయ్యాక వినుకొండ దగ్గర మా ఊళ్ళోనే ఉండి, ఇలా ఎవరైనా పని ఇస్తే చేసి పంపుతున్నాను. పొద్దున కల్లం పని, మధ్యాహ్నం నుంచి కంప్యూటరు పని.

అది మిరప కోతల కాలం. ఫిబ్రవరి నెలంతా మా కౌలు చేను పక్కన చదును చేసిన కల్లంలో పట్టాల మీద కాయ ఎర్రగా పరిచి ఉండేది. కల్లానికి కాపలా నాన్న, ఒక కుక్క. కుక్క పేరు ప్లీడరు. మనిషి కనబడితే చాలు వాదనకు దిగుతుందని సుభానీ బాబాయి పెట్టిన పేరది. సుభానీ బాబాయి నాన్నకు చిన్నప్పటి నుంచీ జత. ఆయనకో ట్రాలీ ఆటో ఉంది. మా కాయ గుంటూరు యార్డుకు వెళ్ళేది అందులోనే.

పుస్తకాల్లో ఎముకల పటాలున్నాయి. కానీ ఎముక కదిలినప్పుడు దాని మీద కండ ఎటు జరుగుతుందో పటం చూస్తే తెలియదు. అందుకని నాన్ననూ ప్లీడర్నీ పక్కపక్కన పెట్టుకుని గీయడం మొదలుపెట్టాను.

కుక్క వెనక కాలు చూస్తే మోకాలు వెనక్కి వంగినట్టు ఉంటుంది. అది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన పొట్ట పక్కన ఉంటుంది. కుక్క బతుకంతా మునివేళ్ళ మీదే నడుస్తుంది. ఈ సంగతి నాన్నకు చెప్పి, మడమలు పైకెత్తి నిలబడమన్నాను. నాన్న లుంగీ ఎగదోపి, పాక గుంజ పట్టుకుని మునివేళ్ళ మీద లేచాడు. పిక్కలు ముడిపడి పైకి పోయాయి. నాకు కావలసింది అదే. సరిగ్గా అప్పుడు సుభానీ బాబాయి ఆటో ఆపి దిగాడు.

"ఏరా ఇమ్మానియేలూ, అట్టా నిలబడ్డావేంది? ఏం యేషంరా అది?"

"కుక్క యేషం. మా అమ్మాయి నన్ను కుక్కని చేత్తంది."

"ఇప్పుడు కొత్తగా చేసేదేముంది? పెళ్ళైన కాణ్ణించి మా వదిన చేసింది అదేగా."

తాలుకాయ ఏరుతున్న అమ్మ ఒక గుప్పెడు తీసి ఆయన మీదికి విసిరింది. ప్లీడరు ఎవరి పక్షమో తేల్చుకోలేక అందరి మీదా అరిచింది.

అలా కొన్ని రోజులు. కుక్కకు గొంతు కింద అడ్డ ఎముక ఉండదు. ముంగాళ్ళు ఒంటికి ఎముకతో అతుక్కుని ఉండవు, కండలతో వేలాడుతుంటాయి. కాబట్టే అంత దూరం చాచి పరిగెడుతుంది. మనిషికి ఆ ఎముక ఉంది కాబట్టి చేతులు పక్కలకు చాపగలడు, భుజాన బరువెత్తుకోగలడు. నాన్నకు ఆ ఎముక మీద రెండు పక్కలా పురుగుమందు ట్యాంకు పట్టీలు ఒరిసి ఒరిసి చర్మం నల్లగా కాయకట్టి ఉంది. జాగిలుడు పరిగెత్తాలి, గద కూడా మొయ్యాలి. కనుక ఆ ఎముకను ఉంచి, సన్నం చేసి, రెక్క ఎముకలను వీపు మీద నుంచి కొంచెం పక్కటెముకల మీదికి జరిపాను. కుక్కకూ బొటనవేలుంది. ముంగాలి లోపలి వైపు, నేలకు తగలకుండా ఊరికే వేలాడుతుంటుంది. దానితో అది దేన్నీ పట్టుకోలేదు. జాగిలుడి చేతులు మనిషివే కావాలన్నారు కాబట్టి నాన్న చేతులు తీసుకున్నాను. రెండు చేతులనూ ముందు నుంచి, వెనక నుంచి, పిడికిలి బిగించి, పార కామ పట్టుకుని ఫొటోలు తీశాను.

ఇంకొకటి కూడా దొరికింది. నాన్న చొక్కా విప్పి కూర్చున్నప్పుడు కుడి భుజం మీద, చర్మం కింద, సన్నగా ఏదో అదురుతోంది. నిలవ నీళ్ళలో చినుకులు పడుతున్నట్టు అక్కడొకటి, ఇక్కడొకటి. ఈగ వాలితే ప్లీడరు తోలు కూడా అలాగే జలదరిస్తుంది. మనిషికీ కుక్కకూ కలిసే చోటు ఒకటి దొరికిందని దాన్ని జాగిలుడి భుజానికి పెట్టాను. కోట గుమ్మం ముందు వాడు ఊరికే నిలబడి ఉన్నప్పుడు భుజం మీద చర్మం అదరాలి, అంతే. బతికి ఉన్నట్టు కనబడతాడు.

ఆ రోజుల్లోనే నాన్న చేతిలోంచి పార రెండు మూడుసార్లు జారింది. కాయ దోసిట్లోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి రాలిపోయేది. లుంగీ ముడి వేసుకోవడానికి అమ్మను పిలిచాడొకసారి. ఎవరమూ పట్టించుకోలేదు. మా దగ్గర ఇది ఏటా ఉండేదే. చలికాలమంతా పురుగుమందు కొట్టిన మగవాళ్ళకు కోతల నాటికి చేతులు వణుకుతాయి, పట్టు తప్పుతుంది. "మందు ఎక్కింది" అంటారు. ఆర్ఎంపీ దగ్గర సెలైను పెట్టించుకుంటారు, మజ్జిగ తాగుతారు, కల్లం పనిలో చెమట పట్టి అదే దిగిపోతుందంటారు. చాలామందికి దిగిపోతుంది కూడా. ఆ ఏడు తామరపురుగు విడవకుండా పట్టి మందు ఎక్కువసార్లు కొట్టాల్సి వచ్చింది. కనుక నాన్నకు మందు ఇంకాస్త ఎక్కువ ఎక్కిందనుకున్నాం. నాన్న కూడా అదే అనుకుని, సెలైను పెట్టించుకుని, మజ్జిగ తాగి పనిలోకి వెళ్ళాడు.

మార్చి మొదట్లో బొమ్మలు పంపాను. శ్రీరమ్య గారు వీడియో కాల్ చేశారు. కాళ్ళు ఎంతో బాగా కుదిరాయన్నారు. ఆ భుజం మీద అదురు ఎక్కడ పట్టావని అడిగారు, ఆఫీసులో అందరికీ చూపించానన్నారు. నా మొహంలో నవ్వు ఆగలేదు. తర్వాత తెర మీద కుడిచేతి బొమ్మ పెట్టి, బొటనవేలి పక్కన ఎర్రగీతతో సున్నా చుట్టారు.

"ఇది మాత్రం తప్పు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వెనకవైపు కండ ఎత్తుగా ఉండాలి కదా. నువ్వు గుంట పెట్టావు. ఎడమచెయ్యి కరెక్టుగా వేశావు. కుడిచెయ్యి ఊహించి వేసేసినట్టున్నావు."

"చూసే వేశానండి."

"చూసి వేస్తే అలా రాదు లిడియా. ఇంకోసారి చూడు."

కాల్ అయిపోయాక ఫొటోలు తెరిచాను. గుంట ఉంది. నేను వేసినట్టే ఉంది. నా కుడిచేతి బొటనవేలిని చూపుడువేలికి ఆనించి నొక్కాను. మధ్యలో కండ కోడిగుడ్డులా పైకి లేచింది. ఫొటోలో నాన్న పార కామను గట్టిగా పట్టుకునే ఉన్నాడు. ఆ చోట చర్మం లోపలికి పోయి ఉంది.

కల్లానికి వెళ్ళాను. నాన్న కాళ్ళతో సాళ్ళు తీస్తూ కాయ తిరగేస్తున్నాడు.

"నాన్నా, చెయ్యి ఇటియ్యి."

"మళ్ళీ ఫొటోనా?"

"కాదు. ఈ చెయ్యి బొమ్మ పనికి రాదన్నారు."

ఆ చోట వేలితో నొక్కాను. ఎడమచేతిలో పచ్చి జామకాయలా గట్టిగా తగిలింది. కుడిచేతిలో నా వేలు లోపలికి దిగి ఎముక దగ్గర ఆగింది.

"ఎప్పటినుంచి ఇట్టా ఉంది?"

"ఎట్టా ఉంది?" అని నాన్న రెండు చేతులూ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాడు. ఎండలో చాలాసేపు చూసుకున్నాడు. "మందు ఎక్కిందిలే" అని మళ్ళీ కాయలోకి నడిచాడు. సాయంత్రం ఇంటికొచ్చాక కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు.

నేను ఫోన్లో వెతికాను. బొటనవేలి దగ్గర కండ కరగడం, చర్మం కింద అదరడం, రెండూ కలిపి రాస్తే ఒకే పేరు మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఫోను బోర్లా పెట్టేశాను. ఇంటర్నెట్లో ఏది వెతికినా ప్రాణాల మీదికే తెస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా మర్నాడే గుంటూరులో నరాల డాక్టరు దగ్గర పేరు రాయించాను.

సుభానీ బాబాయి మమ్మల్ని వినుకొండ బస్టాండులో దింపాడు. అమ్మ చేతిలో ఒక గోనెసంచి ఉంది. అందులో చేను గట్ల మీద, పాక చూరులో ఏరిన ఖాళీ మందు సీసాలు. ఏ మందు ఎక్కిందో డాక్టరుకు తెలియాలి కదా అంది. నరసరావుపేట దాటేదాకా బస్సులో ఆ వాసనే. ముందు సీటు ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి చూసింది. "మా ఆయనకి ఒంట్లో బాలేదమ్మా" అంది అమ్మ, అదే జవాబన్నట్టు.

డాక్టరు చిన్నవాడే. అమ్మ సీసాలన్నీ ఆయన బల్ల మీద వరుసగా నిలబెట్టింది. ఏది ఏ నెలలో కొట్టిందీ, ఏది కొట్టిన రోజు నాన్న వాంతి చేసుకున్నదీ చెప్పింది. ఆయన అడ్డు చెప్పకుండా విన్నాడు. తర్వాత నాన్నను చొక్కా విప్పి కూర్చోమని, చేతులు కట్టుకుని ఆ కుడి భుజాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఇది ఎప్పటినుంచి?"

"ఏది సార్?" అన్నాడు నాన్న.

ఏదో నాకు తెలుసు. చర్మం కింద ఆ చినుకులు పడుతూనే ఉన్నాయి. నాలుక బయట పెట్టమన్నాడు. నాలుక మీద కూడా పడుతున్నాయి.

సూదులు గుచ్చి, కరెంటు పెట్టి పరీక్షలు చేశారు. సాయంత్రం దాకా పట్టింది. చివరికి డాక్టరు నన్నొక్కదాన్నే వరండాలోకి పిలిచాడు. మీరు చదువుకున్నారు కాబట్టి మీకు చెబితే మీరు వాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పగలరు అన్నాడు. మెదడు నుంచి కండకు కబురు మోసే నరాలు చచ్చిపోతున్నాయని చెప్పాడు. కబురు అందని కండ కరిగిపోతుందట. చేతుల తర్వాత కాళ్ళు, ఆ తర్వాత మింగడం, చివరికి ఊపిరి. రెండు మూడేళ్ళు, కొందరికి ఇంకొంచెం ఎక్కువ. మాత్రలు రాస్తాను, కొన్ని నెలలు కలిసి రావచ్చు అన్నాడు. తెలివి మాత్రం చివరిదాకా ఉంటుందట. అది మంచి విషయంలా చెప్పాడు.

"పురుగుమందు వల్ల కాదా సార్?"

"ఇది అది కాదమ్మా."

"చాలాసార్లు కొట్టాడు సార్. మాస్కు కూడా పెట్టుకోడు."

"మందు ఎక్కితే విరుగుడు ఉంటుంది. ఎక్కించేవాణ్ణి. ఇది అది కాదు."

ఆ వరండాలో చివరి కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాను. మా నాన్న ఒంట్లో ఉన్నది విషం అయితే బాగుండునని కోరుకున్నాను. ప్రార్థన చేసినట్టే కోరుకున్నాను.

బయట బెంచీ మీద అమ్మ గోనెసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాన్న ఆమె పక్కన.

"మందేగా?" అంది అమ్మ.

"కాదమ్మా."

"సరిగ్గా అడిగావా? ఆయన సీసాలు చేత్తో తీసి చూడనన్నా చూళ్ళేదు."

"అడిగాను. రెండుసార్లు అడిగాను."

"ఇంగిలీషులో అడిగుంటావు. తెలుగులో అడగాల్సింది."

నాకు వచ్చిన మాటల్లో చెప్పాను. నరాలు అన్నాను, కండ అన్నాను. ఇది తగ్గదు అన్నాను. ఊపిరి సంగతి, ఏళ్ళ సంగతి చెప్పలేదు. నాన్న ఎదుటి గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ విన్నాడు.

"కల్లం ఎత్తేదాకా ఆగుద్దా?" అన్నాడు.

"ఆగుద్ది నాన్నా."

"అయితే పదండి. బస్సు పోద్ది."

అమ్మ నా మాట నమ్మలేదు, డాక్టరు మాటా నమ్మలేదు. ఇంటికొచ్చాక మందు ఎక్కినవాళ్ళకు చేసేవన్నీ చేసింది. కోడిగుడ్డు తెల్లసొన తాగించింది. చింతపండు నీళ్ళు తాగించింది. ఎవరో చెప్పారని పొదిలి వైపు ఒక ఊరి నుంచి పసరు తెప్పించి మూడు పూటలా పోసింది. పాస్టరు గారిని పిలిచి చేతుల మీద నూనె రాయించింది. మిగిలిన మందు డబ్బాలన్నీ పొలంలో గొయ్యి తీసి పూడ్చింది. నాన్న దేనికీ కాదనలేదు. పసరు తాగి వాంతి చేసుకున్నప్పుడు, "చూశావా, విషం దిగతంది" అని అమ్మ నన్ను పిలిచి మరీ చూపించింది.

నేను నా గదిలో కూర్చుని చెయ్యి గీస్తున్నాను. గీసిన ప్రతిసారీ చెరిపేస్తున్నాను. చేతిలో ఎన్ని కండలున్నాయో, ఏది పోతే ఏ పని పోతుందో చదువుకున్న నాకు తెలుసు. ఇప్పుడు అవి ఏ వరసలో పోతున్నాయో ఇంట్లో చూస్తున్నాను. చొక్కా గుండీ పోయింది. తాళంచెవి తిప్పడం పోయింది. అగ్గిపుల్ల గీయడం పోయింది. బొటనవేలు మిగతా వేళ్ళకు ఎదురుగా రావడం మానేసి వాటి పక్కనే వరసగా పడుకుంది. దాని పని దానికి లేకుండా పోయాక అరచెయ్యి బల్లపరుపుగా, ముంగాలి పంజాలా అయింది. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. నాన్నే అన్నాడు ఒకరోజు, ప్లీడరు ముంగాలు పక్కన తన చెయ్యి పెట్టి. "నువ్వు నీ కుక్కకి మనిషి చెయ్యి పెడతన్నావు. నాకు దేవుడు దీనిది పెడతన్నాడు." అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదని చూసి మాట మార్చాడు.

శ్రీరమ్య గారు చెయ్యి ఇంకా రాలేదేమని అడిగారు. ఫోన్ చేసి, భుజం మీద అదురు తీసేద్దామండీ అన్నాను.

"ఎందుకు? అందరికీ నచ్చింది అదే."

"అది కుక్కది కాదండి. జబ్బుది. మా నాన్నది."

చెప్పిందంతా విన్నారు. నిజంగానే బాధపడ్డారు, గొంతులో తెలిసింది. కానీ అది అప్పటికే యానిమేషన్ వాళ్ళ చేతికి వెళ్ళిపోయిందట, ఇప్పుడు తీస్తే మొత్తం తిరిగి మొదలుపెట్టాలట. తన చేతిలో లేదన్నారు. చెయ్యి మాత్రం వీలైనంత త్వరగా పంపమన్నారు.

ఫిబ్రవరి ఫొటోల్లో నాన్న ఎడమచెయ్యి ఇంకా నిండుగానే ఉంది. దాన్ని కంప్యూటర్లో అద్దంలో చూపినట్టు అటు నుంచి ఇటు తిప్పితే కుడిచెయ్యి అవుతుంది. అదే చేశాను. రెండు చేతులూ ఆ ఒక్క చెయ్యే. వేళ్ళ కణుపులు, పార కామ ఒరిసిన కాయలు, మణికట్టు పక్కన ఉబ్బిన నరం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు పెట్టి పంపాను. ఈసారి తప్పు ఏమీ లేదని జవాబు వచ్చింది.

మార్చి చివర్లో కల్లం ఎత్తాం. పొద్దున్నే నీళ్ళు చిలకరించి కాయ పదును చేసి, ఆడవాళ్ళు గోతాల్లోకి ఎత్తుతుంటే సుభానీ బాబాయి గోతంలోకి దిగి తొక్కుతున్నాడు. గోతాల నోరు కుట్టడం ఎప్పుడూ నాన్న పని. ఆ రోజు దబ్బనం ఎడమచేత్తో పట్టుకున్నాడు. మొదటి గోతం కుట్టాడు. ఆలస్యమైంది కానీ కుట్టాడు. రెండో గోతానికి దబ్బనం సగం దిగి ఆగిపోయింది. తోశాడు. వేళ్ళు దాని మీద నుంచి జారిపోయాయి. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారాయి. ఎడమచేతికి కూడా వచ్చిందని మేమందరం ఒకేసారి చూశాం.

అమ్మ లేచి వెళ్ళి, కొంగు అంచు పళ్ళతో చింపి, దబ్బనాన్ని నాన్న అరచేతికి వేసి కట్టింది. గట్టిగా, ముడి మీద ముడి వేసి కట్టింది. "ఇప్పుడు కుట్టు" అంది. నాన్న మోచెయ్యి బలంతో గుచ్చాడు. దబ్బనం పక్కకు తిరిగి గుడ్డతో సహా ఊడొచ్చింది. అమ్మ మళ్ళీ కట్టబోయింది.

సుభానీ బాబాయి గోతంలోంచి బయటికి వచ్చి, అమ్మ చేతిలోంచి దబ్బనం తీసుకుని కూర్చుని కుట్టడం మొదలుపెట్టాడు. ఆయనకు ఆ పని సరిగ్గా రాదు. కుట్టు వంకరగా పోతోంది. నాన్న పక్కన నిలబడి చూశాడు. బాబాయి ఏదో ఒకటి అంటాడని నాన్నతో పాటు నేనూ ఎదురుచూస్తున్నాను. పార జారితే అనేవాడు, తుమ్మితే అనేవాడు, ఊరికే నడిచి వెళ్తున్నా ఏదో ఒకటి అనేవాడు.

"ఏరా, ఏమీ అనవేందిరా?" అన్నాడు నాన్న.

బాబాయి తల ఎత్తలేదు.

"ఒరేయ్ సుభానీ. ఏదో ఒకటి అనరా."

"కుట్టనీరా" అన్నాడు బాబాయి.

నాన్న వెళ్ళి పాక గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. గుంటూరులో డాక్టరు దగ్గర కూడా ఆయన మొహంలో నేను చూడనిది అప్పుడు చూశాను. భయం. ప్లీడరు వచ్చి ఎప్పటిలా తల ఆయన అరచేతి కిందికి దూర్చింది. చెయ్యి దాని తల మీద ఊరికే ఉండిపోయింది.

బండి వెళ్ళాక పట్టాలు దులిపి మడిచాం. కల్లం నేల ఎర్రటి గింజలతో మిగిలింది. అమ్మ ఆ రోజు నుంచి పసరు మానేసింది. వచ్చే ఏటికి కౌలు చేను వద్దని ఆసామికి తనే వెళ్ళి చెప్పి వచ్చింది. ఆ సంగతి నాన్నకు మూడో మనిషి ద్వారా తెలిసింది.

ఈస్టరు దాటిన వారంలో స్టూడియో నుంచి వీడియో వచ్చింది. జాగిలుడు కదులుతున్నాడు. నాన్న చూస్తానన్నాడు. వాకిట్లో మంచం మీద అమ్మ అన్నం కలిపి నాన్నకు పెడుతోంది. నేను ఆయన పక్కన కూర్చుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాను.

రాతిగుమ్మం ముందు జాగిలుడు మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాడు. బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు. భుజం అదిరింది. అది వచ్చినప్పుడు నేను తెర మీది నుంచి కళ్ళు తిప్పుకున్నాను. నాన్న తిప్పుకోలేదు. కాళ్ళు బాగా వచ్చాయన్నాడు, ఆ మూతి అచ్చం మన ప్లీడరుదే అన్నాడు. తర్వాత వాడు వంగి, నేల మీద ఉన్న గదను అందుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే కామ చుట్టూ మూసుకున్నాయి. చివరగా బొటనవేలు వచ్చి వాటి మీద పడి బిగిసింది. బొటనవేలి పక్కన కండ పైకి లేచింది.

నాన్న నములుతున్నవాడు ఆగాడు.

"ఇంకోసారి మూయించు."

వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాను. వేళ్ళు మళ్ళీ మూసుకున్నాయి.

"నా చెయ్యి పనికి రాదన్నారుగా. మరి ఇదెవరిది?"

అమ్మ ముద్ద పట్టుకుని నా వైపు చూసింది. నాన్న చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి, అరచేతులు పైకి తిరిగి.

"గట్టి చెయ్యి. బాగా పని చేసినోడిది" అన్నాడు నాన్న. "సుభానీదా?"

"ఆఁ. బాబాయిదే నాన్నా."

"అనుకున్నా" అన్నాడు. "వాడి చెయ్యి మొదట్నుంచీ అంతే. పడితే ఇడవదు."

ఆ మాట అని, అన్నం కోసం నోరు తెరిచాడు. అమ్మ ముద్ద పెట్టింది.